లంబసింగి చలిలో బండి తీసే ముందు

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున లంబసింగి, అరకు వైపు చలికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడి పైభాగాలకు ఆలస్యంగా చేరుతుంది. అందుకే బైకు తీసేవారికి ఈ జాగ్రత్తలు.

- బండిని ముందు ఆరుబయటికి తీయండి. మూసిన షెడ్డులో స్టార్ట్ చేయవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. మిగతావన్నీ మరిచినా ఇది మరవకండి.
- గేరు న్యూట్రల్‌లో ఉండాలి.
- కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) ఉన్న బండి అయితే చోక్ (గాలిని తగ్గించే మీట) లాగి స్టార్ట్ చేయండి. ఇంజిన్ నిలకడగా తిరగగానే చోక్ తీసేయాలి, లేకపోతే స్పార్క్ ప్లగ్గుకు మసి పడుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి ఈ పని లేదు.
- స్టార్ట్ అయ్యాక ఇంజిన్ ఒక నిమిషం తిరిగితే చాలు. నిలబెట్టి యాక్సిలరేటర్ గట్టిగా తిప్పడం నాకు అసలు నచ్చదు. ఆయిల్ అందని భాగాలు అరుగుతాయి.
- మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా వెళ్లండి. టైర్లూ చల్లగానే ఉంటాయి, మంచుకు తడిసిన ఘాట్ మలుపుల్లో పట్టు తక్కువ.