ఒళ్లో కూర్చోబెట్టుకుని జారకండి
కాలనీ పార్కుకు రెండేళ్ల లోపు పిల్లలను తీసుకువెళ్లేవారు చాలామంది, బిడ్డ ఒంటరిగా జారితే పడిపోతుందేమోనన్న భయంతో, ఒళ్లో కూర్చోబెట్టుకుని జారుడుబల్ల మీద నుంచి దిగుతుంటారు. చూడటానికి ఇదే క్షేమమనిపిస్తుంది గాని, పసివారి మోకాలి కింది ఎముక విరగడానికి ఇదొక తెలిసిన కారణం. బిడ్డ బూటు అడుగున ఉన్న రబ్బరు బల్ల అంచుకు పట్టుకోగానే పాదం అక్కడే ఆగిపోతుంది. వెనుక ఉన్న పెద్దవారి బరువు మాత్రం కిందికి తోస్తూనే ఉంటుంది కనుక, ఆ మధ్యలో చిన్న కాలు మెలిపడుతుంది. ఒంటరిగా జారే బిడ్డ పాదం తట్టుకుంటే, ఉన్న కొద్దిపాటి బరువుతో సాధారణంగా అక్కడే ఆగిపోతుంది. అందువల్ల బల్ల పొట్టిదైతే బిడ్డను ఒంటరిగానే జారనిచ్చి మీరు పక్కన చేయి అడ్డుపెట్టి నడవండి. ఎత్తైనదైతే సగం ఎత్తున కూర్చోబెట్టి వదలండి.

ఏప్రిల్, మే నెలల్లో ఎండ తగిలిన ఇనుప రేకు బల్ల సాయంత్రం కూడా చురుక్కుమంటుంది కాబట్టి, ముందుగా మీ చేతి వెనుక భాగాన్ని ఆనించి చూడండి. మెడలో తాయెత్తు తాడు ఉంటే, కమ్మీకి చిక్కుకునే ప్రమాదం ఉన్నందున, ఇంటి దగ్గరే తీసివేయండి. అమ్మమ్మలు ఒప్పుకోరనుకోండి, తిరిగి రాగానే మళ్లీ కట్టవచ్చు.