పాత ఆటోమేటిక్ బండి, 4వ పాఠం: ఎక్కువ పోసిన ఆయిల్ తీయడం

ఈసారి సోలెనాయిడ్ల (గేర్ బాక్స్ లోపల ఆయిల్ దారులు తెరిచి మూసే కరెంటు వాల్వుల) సంగతి చెప్పాల్సింది. వాయిదా వేస్తున్నా. పోయిన పాఠం చదివి గేర్ బాక్స్ డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) లాగినవాళ్లలో సగం మంది ఆయిల్ పోసేశారు. పోసినాక బండి ఇంకా ఎక్కువ జారుతోందని ఇప్పుడు మెసేజ్‌లు పెడుతున్నారు. మిర్యాలగూడ తమ్ముడొకరు రాసింది చూడండి: "అన్నా, తక్కువ చూపించిందని లీటరు పోసిన. ఇంజన్ రేజ్ అయితుంది గానీ బండి గుంజుతలేదు."

ఏఎంటీ బండ్ల వాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. 2014లో మారుతి సెలేరియోతో మన దేశంలోకి వచ్చిన ఆ పద్ధతిలో లోపలున్నది మామూలు గేర్ బాక్సే, క్లచ్ తొక్కే పని మాత్రం మీ కాలికి బదులు యంత్రం చేస్తుంది. అది జారితే ముందు క్లచ్ ప్లేటు చూపించుకోండి. సీవీటీ (గేర్లకు బదులు బెల్టుతో నడిచేది) వాళ్లదీ వేరే లెక్క. ఈ పాఠం టార్క్ కన్వర్టర్ బండ్లకే, అంటే ఇంజన్ శక్తి ఆయిల్ ద్వారా గేర్ బాక్స్‌కు అందే బండ్లకే.

ఇక అసలు తప్పు. లెవెల్ ఎప్పుడు చూశారు? పొద్దున లేవగానే, బండి చల్లగా ఉన్నప్పుడు. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిల్) వేడెక్కితే ఉబ్బుతుంది, అందుకే చల్లటి బండిలో ఆయిల్ హాట్ గీతకు (వేడి బండికి పెట్టిన గుర్తుకు) కిందే కనిపిస్తుంది. దాన్ని చూసి పోస్తే, ఇరవై కిలోమీటర్లు తిరిగేసరికి గీత దాటిపోతుంది. మే నెల నల్లగొండ ఎండలో ఇంకా తొందరగా దాటుతుంది.

రెండోది, నాకు ఒళ్లు మండేది: ఇంజన్ నడుస్తుండగా చూడాలా, ఆపి చూడాలా? పాత హ్యుందాయ్, టయోటా లాంటి చాలా బండ్లలో ఇంజన్ నడుస్తూనే ఉండాలి. బ్రేక్ తొక్కి లివర్‌ను అన్ని గేర్లలోకీ తిప్పి, పి లోకి తెచ్చి చూడాలి. పాత హోండా సివిక్‌కు మాత్రం తిరగేసి: బండిని బాగా వేడెక్కించి, ఇంజన్ ఆపి, 60 నుంచి 90 సెకన్ల లోపు చూడాలి. ఇంజన్ నడుస్తున్నంతసేపూ పంపు కింద తొట్టిలోని ఆయిల్‌ను పైకి లాగేస్తుంటుంది. ఆపగానే కొంత కిందికి దిగుతుంది. అంటే సివిక్‌ను ఇంజన్ నడుస్తుండగా చూస్తే లేని కొరత కనిపిస్తుంది, మీరు పోస్తారు. టయోటాను ఆపి చూస్తే ఉన్న కొరత కనిపించదు, మీరు పోయరు. ఒక బండి పద్ధతి ఇంకో బండికి పెట్టొద్దు. మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ చదవండి. మెకానిక్ చెప్పాడనడం నాకు జవాబు కాదు.

ఎక్కువైతే నష్టమేంటని అడిగారు. లోపల తిరిగే చక్రాలు ఆయిల్‌ను తాకి, మజ్జిగ చిలికినట్టు చిలుకుతాయి. నురగ వస్తుంది. నురగలో గాలి ఉంటుంది, గాలిని నొక్కితే నొక్కుకుపోతుంది తప్ప ప్రెషర్ నిలవదు. ప్రెషర్ లేకపోతే లోపలి క్లచ్‌లు గట్టిగా పట్టవు. తక్కువైనా జారేది, ఎక్కువైనా జారేది అందుకే. డిప్‌స్టిక్ లాగి వెలుతురులో పెట్టండి. గీత పైన సన్నటి బుడగలు అంటుకుని కనిపిస్తే ఎక్కువైనట్టే అనుకోండి.

తీయడం తేలిక. బండి కాస్త చల్లారనివ్వండి, ఏటీఎఫ్ చెయ్యి కాలుస్తుంది. మెడికల్ షాపులో పెద్ద సిరంజి, సెలైన్ పైపు కొనండి. పైపును డిప్‌స్టిక్ గొట్టంలో దించి, వంద మిల్లీలీటర్ల చొప్పున లాగి, మళ్లీ బండి వేడెక్కించి లెవెల్ చూడండి. డ్రెయిన్ బోల్టు విప్పితే తొందరగా అయిపోతుంది గానీ నాకు సిరంజే నచ్చుతుంది, ఎంత తీశామో లెక్క తెలుస్తుంది.

తీసినదాంట్లో ఒక చుక్క తెల్ల టిష్యూ మీద వేయండి. ఎర్రగా పాకితే సరే. ముదురు గోధుమ రంగు, మాడు వాసన వస్తే క్లచ్‌లు కాలుతున్నాయి. పాలు కలిసిన గులాబీ రంగైతే రేడియేటర్ నీళ్లు కలిశాయి, బండి తీయకండి. తోసుకుపోవడం కూడా వద్దు, ముందు చక్రాలు లేపి లాగించండి, ముందు చక్రాలతో నడిచే బండ్లకు ఇదే దారి. ఇంజన్ ఆగి ఉంటే పంపు తిరగదు, చక్రాలు తిరిగితే లోపల ఆయిల్ అందక ఎండిపోతుంది.

అభ్యాసం. వచ్చే పాఠం లోపు అయిదు పొద్దుటలు చేయాలి, ఒక్కటీ వదలొద్దు. చల్లటి బండిలో ఆర్ వేసి, బండి పట్టుకోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. డి కి కూడా అంతే. తర్వాత జడ్చర్ల, భూత్పూర్ మధ్య హైవే లాంటి చదును రోడ్డు మీద 60లో నిలకడగా పోతూ యాక్సిలరేటర్ కొంచెం నొక్కండి. ఆర్‌పీఎం పెరిగి బండీ లాగితే అది గేర్ బాక్స్ తనే కింది గేర్‌కు మారడం, భయం లేదు. ఆర్‌పీఎం ఒక్కటే పెరిగితే ఎన్నో గేర్లోనో రాయండి. బ్రేక్ తొక్కి ఫుల్ రేజ్ చేసే పరీక్ష ఎవరూ చేయొద్దు, జారే గేర్ బాక్స్ అక్కడే చస్తుంది. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్‌లోనూ వద్దు, దారిలో ఆగితే మెకానిక్ దొరకడు, రాత్రి అయితే అడవి చెక్‌పోస్టు గేటే మూసేస్తారు.

జారుడు ఒకే గేర్లోనా, అన్నిట్లోనా అన్నది మీ కాగితంలో తేలాలి. సోలెనాయిడ్ల పాఠం దాని మీదే నడుస్తుంది.