గ్లూకోమీటర్ అంకె నమ్మశక్యంగా లేనప్పుడు: సమస్య - పరిష్కారం

గ్లూకోమీటర్ చక్కెరను నేరుగా లెక్కపెట్టదు. స్ట్రిప్పు కొనలో పూసిన ఎంజైము రక్తంలోని గ్లూకోజుతో చర్య జరిపినప్పుడు విడుదలయ్యే ఎలక్ట్రాన్లు ఒక మధ్యవర్తి రసాయనం ద్వారా ఎలక్ట్రోడుకు చేరితే పుట్టే స్వల్ప విద్యుత్తును కొలిచి, దానినే అంకెగా చూపుతుంది. అందువల్ల మీటరును అనుమానించే ముందు వేలినీ, స్ట్రిప్పునూ, రక్తాన్నీ ఆ వరుసలోనే పరిశీలించాలి.

సమస్య: ఒంట్లో ఏ తేడా లేకపోయినా రీడింగు 300 దాటింది.
కారణం చాలాసార్లు వేలి మీదే ఉంటుంది. మామిడిపండు కోసిన చేతిని గుడ్డకు తుడుచుకొని వేలు గుచ్చితే, చర్మానికి అంటిన రసం రక్తపు బొట్టులో కలుస్తుంది. ఇప్పటి స్ట్రిప్పుల్లో చాలావాటికి మైక్రోలీటరు రక్తం కూడా అక్కరలేదు గనుక, కంటికి ఆనని ఆ జిగురే అంకెను వందల్లో పెంచగలదు. స్పిరిట్ దూదితో ఒకసారి తుడిస్తే చాలుననుకోవడం పొరపాటు. సబ్బుతో కడిగి, తడి పూర్తిగా ఆరాక, కొత్త స్ట్రిప్పుతో మళ్లీ చూడాలి.

సమస్య: వెంటవెంటనే చూసినా రెండు అంకెలు కలవడం లేదు.
కొద్ది తేడా లోపం కాదు. గ్లూకోమీటర్ల కచ్చితత్వానికి పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15197 2013 కూర్పు ప్రకారం, డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు, ఆపైన ఉన్నప్పుడు ల్యాబు ఫలితానికి 15 శాతం అటూఇటూగా 95 శాతం రీడింగులు ఉంటే చాలు. అంటే అసలు 200 ఉన్నది 170గానో, 230గానో కనిపించవచ్చు. తేడా అంతకు మించితే స్ట్రిప్పుల డబ్బా మూత సరిగా పడుతోందో లేదో, గడువు దాటిందో లేదో చూసి, కంట్రోల్ సొల్యూషన్‌తో (గ్లూకోజు ఎంతుందో ముందే తెలిసిన ద్రవంతో) పరీక్షించాలి. వేలిని గట్టిగా పిండినా కణజాల ద్రవం కలిసి అంకె మారుతుంది.

సమస్య: మీటరు ఎప్పుడూ ల్యాబు కంటే ఎక్కువే చూపుతోంది.
రక్తహీనత ఉందేమో చూడాలి. ఎర్ర రక్తకణాలు తగ్గినప్పుడు బొట్టులో ప్లాస్మా వాటా పెరిగి, గ్లూకోజు ఎలక్ట్రోడు దగ్గరకు సులువుగా చేరుతుంది. ఈ తేడాను సరిదిద్దుకొనే మీటర్లు ఉన్నా, అన్నీ అలాంటివి కావు. స్ట్రిప్పులతో వచ్చే కాగితంలో హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) పరిధి ఇస్తారు, దానిని మీ రక్తపరీక్షతో పోల్చుకోండి. భోజనం తరువాత వేలి రక్తంలో గ్లూకోజు సిర రక్తంలో కంటే సహజంగానే ఎక్కువ కాబట్టి, పోలిక పరగడుపునే చేయాలి. ఒక్కోసారి తప్పు ల్యాబు వైపే ఉంటుంది: ఫ్లోరైడ్ లేని గొట్టంలో నిలవ ఉంచిన రక్తంలో కణాలే గంటకు సుమారు 5 నుంచి 7 శాతం గ్లూకోజును వాడేసుకుంటాయి.

ఐకోడెక్స్‌ట్రిన్ ద్రవంతో పొట్ట డయాలసిస్ చేయించుకొనేవారి విషయం అన్నిటికంటే ప్రమాదకరం. ఆ ద్రవం ఒంట్లో మాల్టోజు అనే మరో చక్కెరగా విడిపోతుంది, జీడీహెచ్-పీక్యూక్యూ అనే రకం ఎంజైము గల స్ట్రిప్పులు దానిని కూడా గ్లూకోజుగా లెక్కిస్తాయి. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ ఇస్తే ప్రాణం మీదకు వస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో దీనిపై హెచ్చరిక జారీచేసింది. వీరు వేరే ఎంజైము స్ట్రిప్పులే వాడాలి.

సమస్య: పరగడుపున మీటరులో 130 వచ్చింది, మధుమేహం ఉన్నట్టేనా?
ఆ నిర్ణయం మీటరుతో చేయకూడదు. ల్యాబులో సిర ప్లాస్మా గ్లూకోజు పరగడుపున 126 లేదా ఆపైన గానీ, హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష) 6.5 శాతం లేదా ఆపైన గానీ ఉండాలి. లక్షణాలు లేనివారికి రెండో ఫలితం కూడా అలాగే రావాలి. ఇనుము లోపం ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ కూడా ఎక్కువగా కనిపించవచ్చు కనుక, వారు ప్లాస్మా గ్లూకోజు పరీక్షనే ఆధారం చేసుకోవడం మంచిది.