టెక్సస్‌లో బయట తిండి: వెళ్ళబోయే తిరుపతి పిల్లలకు ఒక లెక్క

జూన్ నెల వచ్చిందంటే మా ఇంటికి వీసా వచ్చిన పిల్లల రాక మొదలవుతుంది. బైరాగిపట్టెడ చుట్టుపక్కల ఎవరి అబ్బాయి అమెరికా వెళ్తున్నా వాళ్ళమ్మకు నేను గుర్తొస్తాను. ఆరేళ్ళు డల్లాస్ దగ్గర ఉండి వచ్చినవాణ్ణి కదా. సూట్‌కేసు బరువు, బ్యాంకు అకౌంటు, రూమ్‌మేట్ల సంగతి అన్నీ అడిగేసి, లేచి చెప్పులేసుకుంటూ అడుగుతారు: “అన్నా, అక్కడ బయట తింటే ఎంతవుతుందన్నా?”

మొదట అడగాల్సిందే అది. ఫీజు, అద్దె ముందే తెలిసిన ఖర్చులు, వాటికి లోను పెట్టుకుంటారు. తిండి డబ్బులు అలా కాదు, రోజుకింత జారిపోయి నెలాఖరుకు తెలుస్తాయి. నేను చెప్పేవన్నీ టెక్సస్ మాటలు. వేరే రాష్ట్రంలో పన్ను మారొచ్చు, పద్ధతి మాత్రం దాదాపు ఇదే.

ముందు మెనూ చదవడం నేర్చుకోవాలి. మన గాంధీ రోడ్డులో టిఫిన్‌కి వెళ్తే బోర్డు మీద ఎంత ఉంటే అంత ఇచ్చి వస్తాం. కాస్త పెద్ద హోటలైతే బిల్లులో 5 శాతం జీఎస్టీ కలుస్తుంది. లేచేటప్పుడు సోంపు ప్లేట్లో ఇరవయ్యో ముప్పయ్యో పెడతాం, పెట్టకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. అక్కడ మెనూలో కనిపించేది అసలు ధర కాదు. పన్ను అందులో ఉండదు. డల్లాస్ చుట్టుపక్కల ఊళ్ళలో పన్ను 8.25 శాతం, అందులో 6.25 రాష్ట్రానిది, మిగతా 2 స్థానికం. ఆపైన టిప్పు. 16 డాలర్ల థాలీ తిన్నారనుకోండి, పన్ను 1.32, టిప్పు 18 శాతం లెక్కన 2.88. చేతి నుంచి పోయేది 20 డాలర్ల 20 సెంట్లు. అందుకే మెనూలో ఏ అంకె కనిపించినా దానికి పావు వంతు కలిపి చదువుకోండి, అటూఇటూగా సరిపోతుంది. అన్నట్టు అక్కడ ‘ఆంట్రే’ అని రాసి ఉంటే అది స్టార్టరు కాదు, అసలు భోజనం. స్టార్టర్లని ‘అపటైజర్లు’ అంటారు.

టిప్పంటే మనవాళ్ళకు కోపం. జీతం ఇవ్వాల్సింది ఓనరు కదా, మధ్యలో నేనెవర్ని అంటారు. ఆ జీతం ఎంతో తెలుసా? టిప్పులొచ్చే పనివాళ్ళకు గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలని అక్కడి కేంద్ర చట్టం. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు. టిప్పులు కలిపినా గంటకు 7.25 రాకపోతే తక్కువైనది ఓనరు పూడ్చాలి. ఈ పద్ధతి నాకూ నచ్చదు. కానీ ఆ కోపం నీళ్ళు పోసే పిల్ల మీద చూపిస్తే ఏం లాభం? కూర్చుని తిన్నచోట 15 నుంచి 20 శాతం మధ్య ఇవ్వండి. ఇవ్వలేని రోజున కౌంటర్ దగ్గర కొనుక్కునే చోటికి పోండి. అక్కడా ఒక స్క్రీన్ మీ వైపు తిప్పుతారు, 18, 20, 25 అని గళ్ళు ఉంటాయి. వెనకాల క్యూ, కౌంటర్లో మనిషి ఇటే చూస్తుంటాడు. టెన్షన్ పడకండి. ‘నో టిప్’ అనే గడి అడుగునెక్కడో చిన్నగా ఉంటుంది, దాన్ని నొక్కండి. డబ్బా చేతికిచ్చినందుకు ఇవ్వకపోయినా తప్పులేదు.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. వెళ్ళిన మొదటి ఏడాది, రూమ్‌మేట్ పుట్టినరోజని ఏడుగురం ఒక రెస్టారెంటుకి పోయాం. బిల్లు చిన్న నల్ల ఫోల్డర్లో పెట్టి తెచ్చింది ఒకమ్మాయి. కార్డు అందులో పెట్టాను. తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. కార్డు కళ్ళముందు నుంచి పోతుంటే నాకు గుండె ఆగినంత పనైంది, అక్కడ అది మామూలే. కాసేపటికి కార్డుతో పాటు రెండు చీటీలు తెచ్చింది. ఒకటి మనకి, ఒకటి వాళ్ళకి. వాళ్ళ చీటీ మీద టిప్పు అని ఒక గీత, కింద టోటల్ అని ఇంకో గీత ఖాళీగా ఉంటాయి. మనమే పెన్నుతో నింపి సంతకం పెట్టాలి. నేను దొరబాబులా 20 శాతం రాసిచ్చాను. రూముకొచ్చి జేబులోంచి మన బిల్లు తీసి చూస్తే పన్ను కింద సన్నటి అక్షరాల్లో ‘గ్రాట్యుటీ 18 శాతం’ అని ఉంది. ఆరుగురో అంతకన్నా ఎక్కువమందో వెళ్తే చాలాచోట్ల టిప్పు వాళ్ళే కలిపేస్తారు. అంటే రెండుసార్లు ఇచ్చాను. 180 డాలర్ల బిల్లుకి 36 డాలర్లు అదనం. ఆ రోజుల్లో నాకది వారం కూరగాయలు. గ్రాట్యుటీ అంటే మనకు ఉద్యోగం మానేసినప్పుడు వచ్చే డబ్బు కదా, అక్కడ టిప్పుకే పెట్టిన పెద్ద పేరు. పెన్ను పట్టుకునే ముందు ఆ మాట ఉందా లేదా అని బిల్లు పైనుంచి కిందదాకా చదవండి.

ఇక రూపాయల సంగతి. అమెరికా వెళ్ళినవాళ్ళంతా ఒకటే చెప్తారు: డాలర్లని రూపాయల్లోకి మార్చకు, మారిస్తే ఏమీ తినలేవు. ఆ మాట పట్టుకుని రెండో నెలకల్లా ఎడాపెడా కార్డు గీకినవాళ్ళని చూశాను. నేను మార్చమనే అంటాను, రూపాయల్లోకి కాదు, గంటల్లోకి. ఎఫ్-1, అంటే చదువుకోడానికిచ్చే వీసా మీద, క్లాసులు నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఆ పని దొరకడమే గగనం. దొరికింది, గంటకు 11 డాలర్లు ఇస్తున్నారు అనుకుందాం. ఇందాకటి థాలీ అంటే లైబ్రరీ డెస్కు దగ్గర రెండు గంటలకు కాస్త తక్కువ కూర్చోవడం. వారానికున్న ఇరవైలో రెండు. ఇలా చూసుకుంటే తినాలో వద్దో ఇంకొకరు చెప్పక్కర్లేదు. పరీక్షలైపోయిన రోజో, ఊరు గుర్తొచ్చి అన్నం దిగని రోజో ఆ రెండు గంటలు ఇచ్చేయొచ్చు, నేనూ ఇచ్చాను. వండుకోవడానికి బద్ధకమేసి ఇవ్వకండి.

బద్ధకానికి పెద్ద జరిమానా యాప్‌లో తెప్పించుకోవడం. ఒక శనివారం రాత్రి వర్షం పడుతుంటే బిర్యానీ ఆర్డర్ పెట్టాను. హోటల్లో 15 డాలర్లున్నది యాప్‌లో పదిహేడున్నర. దానికి పన్ను, సర్వీసు ఫీజు, డెలివరీ ఫీజు, తెచ్చినతనికి టిప్పు. మొత్తం 28 దాటింది. రెండున్నర గంటల పని! వచ్చేసరికి చల్లారిపోయింది కూడా. ఇక్కడ నలభై రూపాయల డెలివరీకి అలవాటుపడ్డ చెయ్యి అక్కడా అలాగే నొక్కేస్తుంది. ఆ యాప్‌లు ఫోన్లో వేసుకోకపోవడమే మంచిది.

పెట్టిన డబ్బుకి విలువ దొరికే చోట్లూ ఉన్నాయి. చిపోట్లే అని మెక్సికన్ తరహా హోటళ్ళున్నాయి, అక్కడ అన్నం, బీన్స్, కూరగాయలతో బౌల్ చేసిస్తారు. మాంసం లేకుండా వెజ్ బౌల్ తీసుకుంటే గ్వాకమోలే, అంటే వాళ్ళ అవకాడో పచ్చడి, విడిగా డబ్బు తీసుకోకుండా వేస్తారు. అన్నం, బీన్స్ కాస్త ఎక్కువ వేయమని అడిగితే వేస్తారు, మొహమాటపడకండి. ఒక బౌల్ నాకు రెండు పూటలు వచ్చేది, రాత్రికి మాత్రం పైన ఊరగాయ నూనె పడాల్సిందే. ఏ రెస్టారెంటులోనైనా వడ్డన మన కడుపుకి ఎక్కువే. మిగిలింది డబ్బాలో పెట్టిమ్మని అడగడం అక్కడ నామోషీ కాదు, కోట్లున్నవాళ్ళూ అడుగుతారు. ఇండియన్ రెస్టారెంట్లలో మధ్యాహ్నం బఫే ఉంటే రాత్రి విడివిడిగా తినేదానికన్నా లాభం. పొద్దున ఏమీ తినకుండా వెళ్ళేవాళ్ళం, అది వేరే సంగతి. కాస్ట్‌కో అని మెంబర్లకే అమ్మే పెద్ద స్టోరులో హాట్‌డాగ్, సోడా కలిపి ఒకటిన్నర డాలరు. 1980ల నుంచి అదే ధర. అక్కడ నలుగురం కలిసి ఒక పెద్ద చీజ్ పిజ్జా తీసుకుంటే పది డాలర్ల లోపే అయ్యేది. రూమ్‌మేట్లలో ఒకరికి మెంబర్‌షిప్ కార్డు ఉంటే చాలు.

అయితే ఆ హాట్‌డాగ్ గొడ్డు మాంసం. ఈ సంగతి మన ఊరి పిల్లలకు విడిగా చెప్పాలి, కొండ కింద పెరిగినవాళ్ళలో చాలామందికి పట్టింపు ఉంటుంది. ఫ్రైస్ అంటే ఉర్లగడ్డే కదా అనుకుంటాం. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్‌లో బీఫ్ ఫ్లేవర్ ఉంటుంది. దానిమీద కేసు నడిచింది. 2002లో హిందూ, శాకాహార సంఘాలు వగైరాలకు కోటి డాలర్లు ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకుంది. ఇక్కడ మన దగ్గర తిన్నవి వేరు, అవి వెజ్జే. మెక్సికన్ హోటళ్ళలో ‘రీఫ్రైడ్ బీన్స్’ కొన్నిచోట్ల పంది కొవ్వుతో చేస్తారు. అన్నంలో చికెన్ రసం పోసే చోట్లున్నాయి. ‘వెజిటేరియన్’ అని ఒక్కమాట అంటే సరిపోదు, ‘చికెన్ లేదు, బీఫ్ లేదు, చేప లేదు’ అని పేరుపేరునా చెప్పాలి. ‘కొంచెమే వేశాం’ అనే జవాబు ఒకసారి విన్నాను.

తెలుగు హోటళ్ళకి కొదవ లేదు. డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్, ఫ్రిస్కో వైపు వెళ్తే బోర్డులు చూసి రేణిగుంట రోడ్డులో ఉన్నామేమో అనిపిస్తుంది. సంగటి, నాటుకోడి పులుసు కూడా దొరుకుతాయి. వాటికి డబ్బు పెట్టండి, రూములో చేసుకోలేం కనుక. దోశకు మాత్రం పెట్టకండి. పిండి డబ్బాల్లో ఇండియన్ స్టోర్లో అమ్ముతారు. పెనం కొనుక్కుంటే పది దోశల ఖర్చుతో నెల గడుస్తుంది. పైగా ఆ హోటల్ దోశలో ఎర్రకారం పలచగా రాస్తారు, నాకు ఎన్నడూ నచ్చలేదు. చెనిగ్గింజల ఊరిబిండి అమ్మతో చేయించుకుని పోతే ఇడ్లీకీ అదే, సంగటికీ అదే.

మంచినీళ్ళు ఊరికే ఇస్తారు, కుళాయి నీళ్ళు, గ్లాసు నిండా ఐసుతో. ఐసు వద్దనుకుంటే ముందే చెప్పండి. బాటిల్ అడిగారో దానికి బిల్లు. కోక్ మూడు డాలర్ల పైన ఉంటుంది, ఎన్నిసార్లయినా నింపుకోవచ్చు గానీ నీళ్ళు ఊరికే వస్తుంటే అదెందుకు?

మందు గురించి పిల్లలు అడగరు, అడగాలని ఉంటుంది. 21 ఏళ్ళు నిండాలి, మన రాష్ట్రంలోనూ అంతే. తేడా ఏమిటంటే అక్కడ నిజంగా చూస్తారు. గడ్డం నెరిసినా ఐడీ అడుగుతారు. పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని తిరగకుండా టెక్సస్ లైసెన్సో ఐడీ కార్డో తొందరగా తీసుకోండి. బార్లో కాక్‌టెయిల్ అంటే ఒక గంట పైన పని, దానిమీద టిప్పు. సాయంత్రం హ్యాపీ అవర్ అని తగ్గించి ఇస్తారు. షాపులో కొనుక్కుని రూములో తాగితే చవక, ఆదివారం టెక్సస్‌లో లిక్కర్ షాపులు మూత. తాగి కారు తోలడం గురించి మాత్రం నవ్వుతూ చెప్పను. కోర్టులో తేలకముందే, పట్టుబడి అరెస్టయితే చాలు, వీసా రద్దు చేయవచ్చు. అంత పెద్ద బిల్లు ఇంకోటి లేదు.

ఊరికే పెట్టే తిండి కూడా ఉంది. క్యాంపస్‌లో క్లబ్బుల మీటింగులకి పిజ్జా పెడతారు, ఈమెయిళ్ళు చదివేవాడికి వారంలో ఒక పూట గడిచిపోతుంది. చాలా యూనివర్సిటీల్లో ఫుడ్ ప్యాంట్రీ ఉంటుంది, స్టూడెంట్ కార్డు చూపించి పప్పులు, డబ్బాలు తెచ్చుకోవచ్చు. గురుద్వారాలో లంగరుకి ఎవరైనా వెళ్ళొచ్చు, తలకి గుడ్డ కట్టుకుని కింద కూర్చుంటే రొట్టె, పప్పు వడ్డిస్తారు. మొదటిసారి నాకు సిగ్గేసింది. తరవాత అనుకున్నాను, కొండ మీద 1985 నుంచి అన్నప్రసాదం పెడుతున్నారు, వెంగమాంబ భవనంలో కోటీశ్వరుడి పక్కన కూర్చుని తిన్నవాణ్ణి, నాకేం సిగ్గు?

చివరగా కాఫీ. ఒక లాటే ఐదు డాలర్లు, రోజుకొకటి తాగితే నెలకు 150. అంటే పద్నాలుగు గంటల పని పాల నురగ కింద పోయినట్టు. ఇక్కడి నుంచి స్టీలు ఫిల్టర్ ఒకటి తీసుకెళ్ళండి, ఇద్దరికి సరిపడే చిన్నది. పొడి మరీ సన్నగా పట్టించకండి, అడుగున దిగదు. చికోరీ మీ ఇంట్లో ఎంత కలుపుతారో అంతే కలిపించి, అరకిలో చొప్పున నాలుగు ప్యాకెట్లు సీలు వేయించుకోండి. ఒకటి విప్పినా మిగతావి వాసన పోకుండా డిసెంబరు దాకా వస్తాయి.