శాంటా క్రూజ్‌కి ట్రాన్స్‌ఫర్ అవుతున్నారా? పది కాలేజీల్లో ఏది ముందు పెట్టాలి

రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) శాంటా క్రూజ్‌కి ట్రాన్స్‌ఫర్‌గా సీటు ఒప్పుకునేటప్పుడు క్యాంపస్‌లోనే ఉన్న పది కాలేజీల పేర్లు చూపించి, నచ్చిన వరుసలో పెట్టమంటారు. మన ఇళ్లల్లో టెన్షన్ అక్కడే మొదలవుతుంది. పెద్దవాళ్లకి అది అచ్చం ఎంసెట్ వెబ్ ఆప్షన్లలా కనిపిస్తుంది మరి. నేను డి ఆంజా కమ్యూనిటీ కాలేజీ నుంచి కంప్యూటర్ సైన్స్‌లోకి వెళ్తున్నప్పుడు మా నాన్న ఫ్రీమాంట్‌లో తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేసి “వీటిలో టాప్ ఏది, సీఎస్‌కి ఏది మంచిది” అని అడిగారు. టాప్ అంటూ ఏదీ లేదు. మీ మేజర్ (ముఖ్య సబ్జెక్టు) అడ్మిషన్‌తోనే తేలిపోయింది, దాన్ని కాలేజీ మార్చలేదు. ప్రొఫెసర్లు డిపార్ట్‌మెంట్లకి చెందినవాళ్లు, క్లాసులు క్యాంపస్ మొత్తానికీ ఒకటే. జనరల్ ఎడ్యుకేషన్ (మేజర్ ఏదైనా అందరూ చదవాల్సిన కోర్సులు) నియమాలు కూడా పది కాలేజీలకీ ఒకటే. యూసీ శాన్ డియేగోలో అలా కాదు, అక్కడ ఒక్కో కాలేజీకి ఒక్కో పద్ధతి. కాబట్టి అక్కడ చదివిన అన్నయ్య ఇచ్చే సలహా ఇక్కడ పనికిరాదు.

1965లో కోవెల్ కాలేజీతో ఈ క్యాంపస్ మొదలైనప్పుడు అప్పటి యూసీ ప్రెసిడెంట్ క్లార్క్ కెర్, ఈ క్యాంపస్ మొదటి ఛాన్సలర్ డీన్ మెక్‌హెన్రీల ఆలోచన ఏమిటంటే, యూనివర్సిటీ ఎంత పెద్దదైనా విద్యార్థికి ఒక చిన్న ఊరు ఉండాలని. ఇప్పటికీ కాలేజీ అంటే ఆ చిన్న ఊరే: మీరు పడుకునే చోటు, తినే చోటు, మీ కాలేజీ అడ్వైజర్ కూర్చునే చోటు.

ఒక్కో కాలేజీకి ఒక థీమ్ ఉంటుంది. రేచల్ కార్సన్‌కి పర్యావరణం, పోర్టర్‌కి కళలు, కాలేజ్ నైన్‌కి అంతర్జాతీయ దృక్పథం, జాన్ ఆర్. లూయిస్‌కి సామాజిక న్యాయం. వెబ్‌సైట్‌లో ఇవే పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. కానీ ఆ థీమ్ ముఖ్యంగా బయటపడేది మొదటి ఏడాది పిల్లలు చదివే కోర్ కోర్సులో. ట్రాన్స్‌ఫర్‌గా వచ్చే మనకి ఆ కోర్సు లేదు. అందుకని “క్రౌన్‌లో అందరూ సైన్స్ వాళ్లే” లాంటి మాటలు విని వరుస పెట్టకండి.

మరి దేన్ని చూడాలి? ముందు మీ కాళ్లని. క్యాంపస్ మొత్తం కొండ, లోయల మీద వంతెనలు, రెడ్‌వుడ్ చెట్లు. క్లాసుకీ క్లాసుకీ మధ్య పావుగంటే ఉంటుంది. తూర్పు వైపు కిందన కోవెల్, స్టీవెన్సన్, ఆ పైన క్రౌన్, మెరిల్. ఉత్తరాన మధ్యలో నైన్, జాన్ ఆర్. లూయిస్. పడమటి వైపు పైనుంచి కిందకి క్రెస్‌గీ, పోర్టర్, రేచల్ కార్సన్, ఓక్స్. ఇంజనీరింగ్ భవనాలు సైన్స్ హిల్ దగ్గర ఉంటాయి కాబట్టి నైన్, లూయిస్, క్రెస్‌గీ వాటికి దగ్గర. ఓక్స్ నుంచయితే ఎక్కుడే ఎక్కుడు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మీ డిపార్ట్‌మెంట్ ఇంజనీరింగ్‌లో ఉన్నా, పెద్ద లెక్చర్లు అక్కడే జరుగుతాయని ఏమీ లేదు. హాలు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెడతారు: పోర్టర్ వైపు మీడియా థియేటర్‌లోనో, కోవెల్ పక్కన హ్యుమానిటీస్ లెక్చర్ హాల్‌లోనో, మధ్యలో క్లాస్‌రూమ్ యూనిట్‌లోనో. అందుకని ఈ పని చేయండి. యూనివర్సిటీ క్లాస్ సెర్చ్‌లో పోయిన ఏడాది ఫాల్, వింటర్ క్వార్టర్లు (పది వారాల టర్ములు) తెరిచి, మీరు తీసుకోబోయే అప్పర్ డివిజన్ (చివరి రెండేళ్ల స్థాయి) క్లాసులు ఏ గదుల్లో, ఎన్ని గంటలకి జరిగాయో రాసుకోండి. వాటిని మ్యాప్ మీద గుర్తు పెట్టండి. చుక్కలు ఎటు గుమిగూడితే అటువైపు కాలేజీలు మీ వరుసలో పైకి రావాలి. సాయంత్రం క్లాసుల్ని ప్రత్యేకంగా చూడండి. డిసెంబర్‌లో ఐదింటికే చీకటి పడుతుంది, చెట్ల కింద ఇంకా ముందే.

తర్వాత పొట్ట. డైనింగ్ హాళ్లు ఐదు, రెండేసి కాలేజీలకి ఒకటి: కోవెల్–స్టీవెన్సన్, క్రౌన్–మెరిల్, నైన్–లూయిస్, పోర్టర్–క్రెస్‌గీ, కార్సన్–ఓక్స్. శాకాహారులు పస్తులుండక్కర్లేదు, కానీ పప్పూ అన్నం మీద ఆశ పెట్టుకోకండి. అన్నం లేకపోతే నిద్ర పట్టని నాలాంటివాళ్లకి అసలు ప్రశ్న కాలేజీ పేరు కాదు, రెసిడెన్స్ హాలా, అపార్ట్‌మెంటా అన్నది. హాల్ గదిలో రైస్ కుక్కర్ పెట్టుకోనివ్వరు. అపార్ట్‌మెంట్‌లో వంటగది ఉంటుంది. హౌసింగ్ అప్లికేషన్‌లో అపార్ట్‌మెంట్‌ని ముందు పెట్టండి, ఆవకాయ జాడీని నిశ్చింతగా తీసుకెళ్లండి.

ఎండ సంగతి ఎవరూ చెప్పరు. క్రౌన్, మెరిల్, క్రెస్‌గీ చెట్ల మధ్య ఉంటాయి. చూడ్డానికి అద్భుతం, వానాకాలంలో చీకటీ చెమ్మా. నేను క్రౌన్‌లో ఉన్నాను, జనవరిలో తువ్వాలు ఆరడమే గగనం. స్టీవెన్సన్, కోవెల్, ఓక్స్, కార్సన్ వైపు పచ్చికబయళ్లూ, వాటికి అవతల మాంటెరే బే కనిపిస్తాయి. దిగులు త్వరగా పట్టే మనిషైతే రోజూ నాలుగడుగులు ఎక్కువ నడిచినా సరే, ఎండ తగిలే వైపే ఉండండి. పోర్టర్‌లో సందడి ఎక్కువని పేరు. (మొదటి వాన రాత్రి అక్కడ మొదలయ్యే బట్టల్లేని పరుగు గురించి అమ్మమ్మకి చెప్పక్కర్లేదు.)

ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకని విడిగా హౌసింగ్ కమ్యూనిటీ ఉంటుంది. నా అభిప్రాయంలో ఇదే అన్నిటికన్నా మంచి ఎంపిక, ముఖ్యంగా ఓలోనీ, మిషన్ లాంటి సెమిస్టర్ పద్ధతి కమ్యూనిటీ కాలేజీల నుంచి వచ్చేవాళ్లకి. పది వారాల క్వార్టర్‌లో మూడో వారానికే మిడ్‌టర్మ్ మీద పడుతుంది. ఆ కంగారు తెలిసినవాళ్లు పక్క గదిలో ఉంటే ధైర్యం. పద్దెనిమిదేళ్ల వాళ్ల మధ్య ఇరవై ఒకటో ఇరవై అయిదో వయసులో ఉండటం కొందరికి సరదా, కొందరికి విసుగు. మీరెవరో మీకే తెలియాలి.

శాన్ హోసే వైపు ఇల్లున్నవాళ్లకి వారాంతపు ప్రయాణం మామూలే. డిరిడాన్ స్టేషన్ నుంచి హైవే 17 ఎక్స్‌ప్రెస్ బస్సు శాంటా క్రూజ్ డౌన్‌టౌన్‌కి వస్తుంది. అక్కణ్నుంచి సిటీ బస్సు క్యాంపస్ చుట్టూ తిరుగుతుంది. విద్యార్థి కార్డు చూపిస్తే దానికి టికెట్ అక్కర్లేదు. రోజూ కారులో ఆ కొండదారి మలుపుల్లో వచ్చిపోదామనుకుంటే మాత్రం ఉదయం ఎనిమిది గంటల క్లాసు పెట్టుకోకండి.

ఊళ్లో అద్దెకుండాలనుకునేవాళ్లకి కాలేజీ అంటే దాదాపు అడ్వైజర్ ఒక్కరే. మేజర్ కోర్సుల ప్రశ్నలకి డిపార్ట్‌మెంట్ అడ్వైజర్, మిగతా డిగ్రీ నియమాలకీ పిటిషన్లకీ కాలేజీ అడ్వైజర్. రెండో ఆయన్ని కూడా మొదటి క్వార్టర్‌లోనే కలవండి. కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లు అన్నీ సరిగ్గా చేరాయో లేదో ఆయన దగ్గర కూర్చుని చూసుకోవచ్చు.

సీటు ఒప్పుకోవడానికి గడువు మామూలుగా జూన్ 1. హౌసింగ్ అప్లికేషన్ వేరు, దాని గడువు కూడా వేరే. ఆ హౌసింగ్ గడువు దాటిపోతే క్యాంపస్‌లో గది గ్యారంటీ పోతుంది, శాంటా క్రూజ్ అద్దెలు ఎలాంటివో బే ఏరియా వాళ్లకి చెప్పక్కర్లేదు. కాలేజీ మూడో ఆప్షనో నాలుగో ఆప్షనో వచ్చినా కంగారు పడకండి. ఒక క్వార్టర్ ఉండి చూసి, అప్పటికీ కుదరకపోతే కాలేజీ మార్చమని పిటిషన్ పెట్టుకోవచ్చు.