లంబసింగి చలికి బయలుదేరే ముందు: బండికి హీటెడ్ గ్రిప్స్ పెట్టించుకునేవాళ్ళకు జాగ్రత్తలు

డిసెంబరు వచ్చిందంటే నర్సీపట్నం దాటాక ఘాట్ రోడ్డు మీద చీకట్లోనే బళ్ళ వరస మొదలవుతుంది. లంబసింగి మంచు కోసం, వంజంగి కొండ మీద మేఘాల కోసం విశాఖ నుంచి, కాకినాడ నుంచి, రాజమండ్రి నుంచి కుర్రాళ్ళు అర్ధరాత్రి దాటాక బయలుదేరతారు. తెల్లారేలోపు పైకి చేరాలన్న ఆత్రంలో చలి సంగతి ఎవరికీ పట్టదు. 5 డిగ్రీల చలిలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, గాలికి తెరుచుకున్న చర్మానికి అది సున్నా కంటే 2 డిగ్రీలు తక్కువ ఉన్నట్టే. ముందుగా ఆ దెబ్బ తినేది వేళ్ళు. కొంకర్లు పోయిన వేళ్ళతో బ్రేక్ లివర్ నొక్కగలం గానీ ఎంత నొక్కుతున్నామో తెలియదు. తడి మలుపులో, పొగమంచులో ప్రమాదమంతా అక్కడే ఉంది. చేతులకు హాయి సంగతి తర్వాత, బ్రేకు మీద పట్టు తప్పకుండా ఉండటం కోసమే నేను హీటెడ్ గ్రిప్స్ (కరెంటుతో వేడెక్కే హ్యాండిల్ పిడులు) మంచివంటాను.

అయితే అదే వస్తువును ఆదరాబాదరాగా బిగిస్తే చలి కంటే పెద్ద ప్రమాదం తెస్తుంది. కుడి గ్రిప్ అంటే యాక్సిలరేటరే. దాని మీద చేసే ఏ పనైనా ప్రాణంతో ముడిపడిన పని. అందుకే ప్రయాణానికి ముందురోజు రాత్రి బిగించుకోవద్దు. రెండు వారాల ముందే పెట్టించి, ఊళ్ళోనే తిప్పి, ఒకసారి నీళ్ళతో బండి కడిగి, అప్పటికీ అంతా సరిగ్గా ఉందనిపించాకే ఘాట్ ఎక్కండి.

ముందు మీ బండికి ఆ శక్తి ఉందో లేదో చూసుకోవాలి. జత గ్రిప్పులు ఫుల్ మీద పెడితే సుమారు 30 నుంచి 50 వాట్లు, అంటే 3, 4 ఆంపియర్లు తింటాయి. హాలోజన్ హెడ్‌లైట్ ఒక్కటే 55 వాట్లు. దాని మీద ఫాగ్ లైట్లు, ఫోన్ ఛార్జరు. 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బళ్ళలో ఇంజన్ నడుస్తున్నంతసేపు హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని ఆపి మిగుల్చుకుందామన్నా కుదరదు. పైగా ఘాట్‌లో మొదటి, రెండో గేర్లలో తక్కువ ఆర్‌పీఎంతో పోతుంటే ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే భాగం) ఇచ్చే కరెంటే తగ్గుతుంది. 100, 125 సీసీ బళ్ళకు వీటిని పెట్టించొద్దనే చెబుతాను. వాటి బ్యాటరీ చిన్నది, ఛార్జింగూ అంతంతమాత్రం. ఆ డబ్బుతో హ్యాండ్ గార్డులు, గాలి చొరబడని మంచి గ్లవ్స్ కొనుక్కుంటే అంతకంటే ఎక్కువ మేలు. 350 సీసీ, ఆపైన బళ్ళకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. కానీ ఇప్పటికే రెండు జతల ఫాగ్ లైట్లు బిగించిన బండైతే లెక్క వేసుకోకుండా ముందుకెళ్ళొద్దు.

లెక్క అంటే పెద్ద పనేం కాదు. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి చాలు. ఇంజన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. ఇంజన్ స్టార్ట్ చేసి కాస్త రేస్ ఇస్తే 13.5 నుంచి 14.5 మధ్యకు రావాలి. ఇప్పుడు ఫాగ్ లైట్లు వేసి, గ్రిప్పులు ఫుల్ మీద పెట్టి, బండిని ఐడిల్‌లో వదిలి చూడండి. 13 పైన నిలబడితే నిశ్చింతగా ఉండొచ్చు. 12.6 కంటే కిందికి జారుతోందంటే ఆల్టర్నేటర్ చాలక బ్యాటరీలోంచే లాగుతోందని అర్థం. అలాంటి బండి కొండ మీద టీ కొట్టు దగ్గర ఆపాక మళ్ళీ సెల్ఫ్ తీసుకుంటుందన్న నమ్మకం లేదు.

మార్కెట్లో రెండు రకాలున్నాయి. ఆక్స్‌ఫర్డ్ లాంటి కంపెనీల గ్రిప్పుల్లో హీటర్ లోపలే ఉంటుంది, పాతవి తీసేసి వీటిని ఎక్కించాలి. రెండోది ఉన్న గ్రిప్ మీదే చుట్టి అంటించే కవర్ రకం. ఇది చవక, బిగించడమూ తేలిక. కానీ గ్రిప్ లావెక్కి వేళ్ళు లివర్‌కు అందడం కష్టమవుతుంది. అంతకంటే ముఖ్యం, కుడివైపు ఆ కవర్ వదులై జారిందంటే చెయ్యి తిప్పిన మేరకు యాక్సిలరేటర్ తిరగదు, ఒక్కోసారి అంచు స్విచ్‌కు రాసుకుని యాక్సిలరేటర్‌ను తెరిచే పట్టేస్తుంది. కొండ దిగేటప్పుడు అలాంటిది జరగకూడదు. చుట్టే రకం వద్దు.

కొనే ముందు హ్యాండిల్ మందం కొలవండి. మన బళ్ళలో ఎక్కువ వాటికి 22 మిల్లీమీటర్ల హ్యాండిల్ ఉంటుంది, కొన్ని క్రూజర్లకు 25 పైన. గ్రిప్ పొడవు కూడా పాతదాంతో సరిపోవాలి. ఒకే కిట్‌లో ఎడమ గ్రిప్ లోపలి రంధ్రం చిన్నది, కుడిది పెద్దది, ఎందుకంటే కుడివైపు హ్యాండిల్ మీద యాక్సిలరేటర్‌ను తిప్పే ప్లాస్టిక్ స్లీవ్ (గొట్టం) తిరుగుతుంది. కుడిది ఎడమవైపు కొట్టి ఎక్కించే మెకానిక్కులూ ఉన్నారు, కాబట్టి పక్కనే ఉండి చూసుకోండి. ఇంకో మాట. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 లాంటి రైడ్ బై వైర్ బళ్ళలో స్లీవ్ కేబుల్‌కు కాదు, సెన్సర్‌కు తగిలి ఉంటుంది. అక్కడ సుత్తి దెబ్బలు, ఆకురాయి పని పనికిరావు. ఆ మోడల్ మీద ఇదివరకు చేసిన అనుభవం ఉన్నవాళ్ళకే ఇవ్వండి.

కుడి గ్రిప్ పని మాత్రం దగ్గరుండి, ఓపిగ్గా చేయించాలి. పాత గ్రిప్‌ను బ్లేడుతో పొడవునా కోసి తీసేస్తారు. స్లీవ్ మీద చాలా బళ్ళకు ఎత్తుగా గీతలుంటాయి, పాత రబ్బరు జారకుండా కంపెనీ పెట్టినవి. హీటెడ్ గ్రిప్ లోపలంతా గట్టి ప్లాస్టిక్ కాబట్టి ఆ గీతలు ఉంటే ఎక్కదు. ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీస్తూ, మధ్యమధ్య గ్రిప్ ఎక్కించి చూస్తూ పోవాలి. తొందరపడి ఎక్కువ అరగదీస్తే స్లీవ్ పల్చబడి పగులుతుంది. ఎక్కడం లేదని సుత్తితో బాదితే గ్రిప్‌లోని సన్నటి హీటర్ తీగ తెగుతుంది, లేదా స్లీవ్ హ్యాండిల్‌కు బిగుసుకుపోతుంది.

జిగురు రాయకముందే ఒకసారి ఎక్కించి వైరు ఎటు వస్తుందో చూడండి. ఈ వైరు యాక్సిలరేటర్‌తో పాటే తిరుగుతుంది. పూర్తిగా తిప్పినప్పుడు అది బ్రేక్ లివర్‌కూ స్విచ్ బాక్స్‌కూ మధ్య నలగకూడదు, బిగుతుగా లాగుకోనూ కూడదు. అటూ ఇటూ తిరిగినా ఇంకా కాస్త వదులు మిగిలేలా చిన్న వంపు వదిలి కట్టాలి. గ్రిప్ అంచుకూ స్విచ్ బాక్స్‌కూ మధ్య 2, 3 మిల్లీమీటర్ల సందు ఉండాలి, బయటి కొసన బార్ ఎండ్ బరువు దగ్గర కూడా అంతే. తర్వాత స్లీవ్‌ను స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. గ్రిప్ తేలిగ్గా జారుతుందని నూనె స్ప్రే కొట్టేవాళ్ళున్నారు, అసలు ఒప్పుకోకండి. ఆ నూనె మీద ఏ జిగురూ పట్టదు. కిట్‌తో వచ్చే జిగురు క్షణాల్లో గట్టిపడే రకం, ఒక్క ఊపులో ఎక్కించి ముందే గుర్తుపెట్టుకున్న చోట ఆపాలి. జిగురు ఒలికి స్లీవ్‌కూ హ్యాండిల్‌కూ మధ్యకు దిగితే యాక్సిలరేటర్ అక్కడే అతుక్కుంటుంది. ఆ రాత్రంతా బండిని కదపకుండా ఉంచండి.

తెల్లారాక పరీక్ష మీరే చేయండి, మెకానిక్ మాట మీద వదలొద్దు. ఇంజన్ ఆపి ఉండగా హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు తిప్పి యాక్సిలరేటర్ చివరిదాకా తెరిచి వదిలేయండి. దానంతటదే టక్కున వెనక్కి రావాలి. మధ్యలో ఉంచి ఒకసారి, పూర్తిగా కుడికి తిప్పి ఒకసారి. ఏ ఒక్క చోటైనా బద్ధకంగా వస్తే బండి రోడ్డెక్కకూడదు. తర్వాత సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో ఇంజన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. ఇంజన్ శబ్దం పెరిగిందంటే ఏదో వైరో కేబులో లాగుతోంది. యూ టర్న్ తిప్పుతుండగా బండి దానంతటదే ఉరికేది ఇలాంటప్పుడే.

ఎడమవైపు ఇంత పేచీ లేదు. గ్రిప్ గట్టిగా అతుక్కోవాలి, వైరు క్లచ్ లివర్‌కు అడ్డం రాకూడదు. అంతే.

ఇక కరెంటు. ప్లస్ వైరు బ్యాటరీ దగ్గర నుంచే రావాలి, ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. కిట్‌లో ఎంత ఫ్యూజు ఇచ్చారో అంతే వెయ్యాలి. అది కాలిపోతోందని పెద్దది వేస్తే ఈసారి కాలేది వైరు, అదీ పెట్రోల్ ట్యాంకు కింద. తాళం ఆఫ్ చేస్తే గ్రిప్పులు కూడా ఆగిపోవాలి. అందుకు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెట్టించండి. 30వ పిన్నుకు బ్యాటరీ ప్లస్, 87కు గ్రిప్పులు, 86కు తాళం ఆన్ చేసినప్పుడే కరెంటు వచ్చే సన్న వైరు, 85కు ఎర్త్. ఏ ఆటో ఎలక్ట్రీషియన్‌కైనా ఇది తెలిసిన పనే. కొన్ని కిట్లలో వోల్టేజీ పడిపోతే వాటంతటవే ఆగే కంట్రోలర్ ఉంటుంది, అది ఉన్నా సరే రిలే మేలు. కంపెనీ వైరింగును కోసి అతికించనివ్వకండి, వారంటీ పేచీ వస్తుంది, వానాకాలంలో ఆ అతుకులే తుప్పు పడతాయి. స్టీరింగ్ మెడ దగ్గర వైరు నలిగే అవకాశం ఎక్కువ. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూశాకే కేబుల్ టైలు బిగించాలి.

వాడటంలోనూ ఒక పద్ధతి ఉంది. వేళ్ళు కొంకర్లు పోయాక వేడి పెడితే లాభం తక్కువ. ఘాట్ మొదలవకముందే, ఇంజన్ కాస్త వేడెక్కాక, ఫుల్ మీద పెట్టి కొద్ది నిమిషాల్లో సగానికి తగ్గించండి. గ్రిప్ అరచేతినే వెచ్చబరుస్తుంది, చేతి వెనక భాగానికి గాలి తగులుతూనే ఉంటుంది. హ్యాండ్ గార్డులు లేకుండా హీటెడ్ గ్రిప్స్ సగం పనే చేస్తాయి. గ్లవ్స్ కూడా అరచేతి వైపు పల్చగా, వెనకవైపు దళసరిగా ఉన్నవి ఎంచుకోండి. వెనక కూర్చున్నవాళ్ళ చేతులకు ఈ వేడి అందదన్న సంగతీ మరవొద్దు. మీరు వెచ్చగా ఉన్నారని ఆపకుండా పోతుంటే వాళ్ళు వణికిపోతుంటారు.

షుగర్ ఉన్నవాళ్ళు ఈ మాట కాస్త నిదానంగా చదవాలి. అరిచేతుల్లో, వేళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళకు ఎంత కాలుతోందో తెలియదు. 44 డిగ్రీల వేడి గంటల తరబడి ఒకేచోట తగిలినా చర్మం దెబ్బతింటుంది, వేడి పెరిగేకొద్దీ ఆ సమయం నిమిషాల్లోకి దిగిపోతుంది. మొద్దుబారిన చెయ్యికి కూడా ఇదే ప్రమాదం. కాబట్టి వట్టి చేతులతో ఫుల్ మీద పట్టుకోవద్దు, ఆగిన చోటల్లా గ్లవ్ తీసి అరచెయ్యి ఎర్రబడిందేమో కళ్ళతో చూసుకోండి. లదాఖ్ వెళ్ళేవాళ్ళకు మరో మాట. అక్కడి కనుమల మీద వేళ్ళు తెల్లబడి, గట్టిపడి, స్పర్శ పూర్తిగా పోతే గ్రిప్ వేడి మీద పెట్టకూడదు, రుద్దకూడదు. బండి ఆపి, చేతుల్ని చంకల్లో పెట్టుకుని, ఆర్మీ పోస్టుదో ఆసుపత్రిదో వైద్య సహాయం వెతుక్కోవాలి.

టీ కోసం ఆగినప్పుడు ఇంజన్ ఆపేసి, తాళం మాత్రం ఆన్‌లో వదిలి, చేతులు కాచుకోవడం కనిపిస్తుంటుంది. 8 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలోంచి 4 ఆంపియర్లు లాగితే అరగంటలో నాలుగోవంతు ఖాళీ, హెడ్‌లైట్, ఫాగ్ లైట్లు వెలుగుతుంటే ఇంకా ముందే. చలిలో బ్యాటరీ అసలే నీరసంగా ఉంటుంది. ఇప్పటి బళ్ళు చాలావాటికి కిక్కర్ కూడా లేదు. పొగమంచులో వోల్టేజీ పడిపోతున్నట్టు కనిపిస్తే ముందుగా ఆపాల్సింది గ్రిప్పులు, లైట్లు కాదు.

దారిలో కాలిన వాసన వచ్చినా, గ్రిప్ ఒక్క చోటే భరించలేనంత కాలుతున్నా, స్విచ్ ఆపి ఊరుకోవద్దు. పక్కకు ఆపి ఫ్యూజు పీకేయండి. ఆ ఫ్యూజు సీటు కింద ఎక్కడుందో, టూల్ కిట్ లేకుండా చేత్తోనే వస్తుందో లేదో ఇంటి దగ్గరే చూసుకుని ఉండాలి. మిగతా దారికి పనికొచ్చేలా బ్యాగులో పొడి గ్లవ్స్ ఒక జత ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకోండి.