మానసిక జబ్బుకు డిసేబిలిటీ పెన్షన్ రాదన్నప్పుడు అప్పీలు రాసుకునే పద్ధతి

పోయిన వేసవిలో మైదుకూరు దగ్గరి పల్లె నుంచి ఒక మాజీ సిపాయి భార్య కాగితాల రేకు పెట్టె పట్టుకొని మా ఇంటికి వచ్చారు. పల్టనులో క్లర్కుగా పనిచేసి కడపలో స్థిరపడిన నా దగ్గరికి ఇలాంటి పనుల మీద అప్పుడప్పుడు మనుషులు వస్తుంటారు. ఆమె భర్త చేనులో బోరు మోటారు ఆన్ అయిన చప్పుడుకే గట్టు చాటున పడుకుంటారట; రాత్రంతా మిద్దె మీద మెట్లకేసి చూస్తూ కూర్చుంటారట. "ఇదంతా రాసి పంపిచ్చినాం సార్, అయినా రాదన్నారు" అని ఆమె నా చేతికిచ్చిన మొదటి అప్పీలు నాలుగు పేజీలుంది. ఆ మనిషి ఈనాడు పడుతున్న బాధంతా అందులో ఉంది గానీ, జబ్బు ఏ సంవత్సరంలో బయటపడింది, అప్పుడు ఆయన ఎక్కడ డ్యూటీలో ఉన్నారు అన్న రెండు ముక్కలు మాత్రం లేవు. అప్పీలు నిలిచేదీ పోయేదీ చాలావరకు ఆ రెండు ముక్కల మీదే.

డిసేబిలిటీ పెన్షన్ రావాలంటే అశక్తత 20 శాతమో అంతకంటే ఎక్కువో ఉండాలి, ఆ జబ్బు సైనిక సేవ వల్ల వచ్చిందనో సేవ వల్ల ముదిరిందనో తేలాలి. మానసిక జబ్బుల్లో తిరస్కరణ ఎక్కువగా రెండో షరతు దగ్గరే జరుగుతుంది. సైనిక వైద్యుల మెడికల్ బోర్డు ఇచ్చిన కాగితంలో 'నానా' (NANA) అన్న పొడి అక్షరాలు కనబడితే, జబ్బు సేవ వల్ల రాలేదు, సేవ వల్ల ముదరనూ లేదు అని అర్థం. దాని పక్కన సాధారణంగా 'పుట్టుకతో వచ్చిన స్వభావ దోషం', 'శాంతి ప్రాంతంలో ఉండగా మొదలైంది' వంటి ఒకటి రెండు వాక్యాలుంటాయి. మీ అప్పీలు జవాబు చెప్పవలసింది ఆ వాక్యాలకే కాబట్టి, వాటిని చూడకుండా అప్పీలు రాయడానికి కూర్చోకండి.

బోర్డు కాగితాలు ఇంట్లో లేకపోతే, సర్వీసు నంబరు, ర్యాంకు, విడుదలైన తేదీ వేసి మీ సర్వీసు కాగితాలుండే రికార్డ్ ఆఫీసుకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పంపండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. 'నా మెడికల్ రికార్డులు ఇవ్వండి' అని ఒక్క ముక్కలో అడిగితే సగం కాగితాలే రావచ్చు గనుక, విడుదల సమయంలో జరిగిన మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ పూర్తి ప్రతి, భర్తీ నాటి వైద్య పరీక్ష, మిలిటరీ ఆసుపత్రిలో చేరిన ప్రతిసారీ ఇచ్చిన కేస్ షీటు, డిశ్చార్జి స్లిప్పు, సైకియాట్రిస్టు అభిప్రాయం, పోస్టింగుల వివరాలు అని విడివిడిగా పేరు పెట్టి అడగాలి. తన వైద్య రికార్డులు తాను పొందే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఇచ్చింది. కాగితం మీద ఏం రాయాలో తోచకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

కాగితాలు చేతికొచ్చాక ఒక తెల్ల కాగితాన్ని మధ్యలో గీత గీసి రెండు భాగాలు చేయండి. ఎడమ పక్క పోస్టింగులు, ఫీల్డు డ్యూటీలు, సెలవులు, ఇంట్లో జరిగిన చావులు తేదీల వారీగా రాయండి. కుడి పక్క నిద్ర పట్టకపోవడం మొదలైన నెల, మొదటిసారి ఎం.ఐ. రూముకు (పల్టనులోని వైద్య పరీక్ష గదికి) తీసుకుపోయిన రోజు, ఆసుపత్రిలో చేరిన తేదీ, వైద్య కేటగిరీ తగ్గించిన తేదీ రాయండి. ఈ పనికి ఒక పూట పట్టినా ఫరవాలేదు, అప్పీలుకు వెన్నెముక ఇదే.

ఎందుకంటే, సైనిక పెన్షన్ల కోసం వైద్యాధికారులకు ఇచ్చిన 2002 నాటి మార్గదర్శిలో, 2008లో సవరించిన రూపంలో, మానసిక జబ్బులకు విడిగా ఒక పేరా ఉంది. యుద్ధ రంగంలో, ఉగ్రవాద వ్యతిరేక చర్యల్లో పాల్గొన్నా, జనసంచారం లేని మారుమూల పోస్టులో ఉన్నా, ప్రాణాలు పోయిన వాహన ప్రమాదంలో ఉన్నా, తుపాను, భూకంపం వంటి విపత్తుల్లో సహాయానికి వెళ్లినా, ఆ నేపథ్యంలో వచ్చిన జబ్బును సేవ వల్ల వచ్చినదిగా పరిగణించవచ్చని అది చెబుతుంది. సేవ అవసరాల వల్ల సెలవు దొరకక, ఆ తర్వాత మూడు నెలల లోపు జబ్బు బయటపడితే దాన్ని సేవ వల్ల ముదిరినదిగా ఒప్పుకోవడానికి కూడా అందులో చోటుంది. ఒక్కడే కొడుకైన జవాను తల్లిదండ్రుల మరణం, భార్యాబిడ్డల మరణం వంటి సందర్భాలను అది పేరుపెట్టి చెప్పింది. జబ్బు తేలి డ్యూటీ పరిమితులు విధించిన తర్వాత కూడా మనిషిని ఒత్తిడి ఉన్న చోటికే పంపి ఉంటే అదీ లెక్కకు వస్తుంది. మన పల్లెల్లో నాయన పోయిన కబురు అందినా దినాలకు రాలేకపోయిన జవాన్లు ఎందరో ఉన్నారు. మరణ ధ్రువీకరణ పత్రం మీది తేదీ, సెలవు దరఖాస్తు, ఆసుపత్రిలో చేరిన తేదీ మూడూ వరుసగా పెడితే, పేజీల కొద్దీ వేదన చెప్పలేని సంగతి అవి చెబుతాయి.

సుప్రీంకోర్టు తీర్పులను వాడేటప్పుడు జాగ్రత్త అవసరం. భర్తీ రోజు వైద్య రికార్డులో ఏ జబ్బూ రాయకపోతే ఆ మనిషి ఆరోగ్యంగానే చేరాడని భావించాలని, సందేహం ఉంటే ఆ ప్రయోజనం సైనికుడికే దక్కాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసు చెప్పింది. స్కిజోఫ్రీనియాకు సంబంధించిన వీర్‌పాల్ సింగ్ కేసులో, అదే ఏడాది, బోర్డు అభిప్రాయాన్ని పరీక్షించకుండా ఒప్పుకోనక్కరలేదని చెప్పి, మళ్లీ పరీక్షించడానికి రివ్యూ మెడికల్ బోర్డు వేయమని కోర్టు ఆదేశించింది. 2025 మేలో వచ్చిన రాజుమోన్ కేసు తీర్పు కారణాలు రాయని బోర్డు అభిప్రాయాన్ని ఆధారం చేసుకొని పెన్షన్ కాదనడం చెల్లదని చెప్పింది. కానీ 2019 నాటి నర్సింగ్ యాదవ్ కేసులో, మానసిక జబ్బు భర్తీ పరీక్షలో బయటపడకపోవచ్చని, బోర్డు అభిప్రాయాన్ని తేలిగ్గా తోసేయరాదని అంటూ అదే కోర్టు సైనికుడి అప్పీలును కొట్టేసింది. అవతలి పక్షం ఈ తీర్పునే చూపిస్తుంది గనుక, తీర్పుల పేర్లు మాత్రమే ఏకరువు పెట్టకుండా మీ తేదీలు ఆ కేసుకు ఎలా భిన్నమో రాయాలి. విడుదలైన తేదీని బట్టి ఈ పెన్షన్ అర్హతకు సంబంధించిన 1982, 2008, 2023 నియమావళుల్లో ఏది వర్తిస్తుందో కూడా ముందే చూసుకోండి. అప్పీలులో వేరే నియమావళిని ఉదహరిస్తే బలమైన కేసు కూడా పలచబడుతుంది.

ఇక అప్పీలు రాత. మొదటి పేరాలో తిరస్కరణ ఉత్తరం నంబరు, తేదీ వేయండి. తర్వాత బోర్డు చెప్పిన కారణాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసి, దాని కిందే మీ జవాబు రాయండి. 'జబ్బు శాంతి ప్రాంతంలో మొదలైందని బోర్డు రాసింది. అంతకు ముందు ఇరవై రెండు నెలలు నేను కశ్మీరులో ఉగ్రవాద వ్యతిరేక డ్యూటీలో ఉన్నాను, నిద్రలేమికి అక్కడే మందు తీసుకున్నాను, ఫలానా పేజీ చూడగలరు' అన్న తీరు సరిపోతుంది. అప్పుడు పక్కనే ఉన్న తోటి సైనికుడి ప్రమాణపత్రం దొరికితే జతచేయండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనో, అనంతపురం వాళ్లు తరచుగా వెళ్లే బెంగళూరు నిమ్హాన్స్‌లోనో చికిత్స జరుగుతుంటే, సర్టిఫికెట్‌లో ప్రస్తుత స్థితితో పాటు జబ్బు ఎప్పటి నుంచి ఉందో, ఆ సంగతి దేని ఆధారంగా తెలిసిందో రాయమని డాక్టరును అడగండి. బయటి సర్టిఫికెట్ బోర్డు నిర్ణయించిన శాతాన్ని దానంతటదే మార్చదు గానీ, కొత్త బోర్డు కోరడానికి ఆధారమవుతుంది.

శాతం తక్కువ వేశారన్నదే ఫిర్యాదైతే, 2014 నాటి రామ్ అవతార్ తీర్పును గుర్తుపెట్టుకోండి. 20 శాతమో అంతకంటే ఎక్కువో ఉండి, సేవతో సంబంధం ఒప్పుకున్న అశక్తత 50లోపు ఉంటే 50గా, 50 నుంచి 75 వరకు ఉంటే 75గా, ఆపైన 100గా లెక్కించే సౌకర్యం సర్వీసు పూర్తిచేసుకొని దిగినవారికీ వర్తిస్తుందని అది చెప్పింది.

మొదటి అప్పీలును తిరస్కరణ అందిన ఆరు నెలల్లోపు రికార్డ్ ఆఫీసు ద్వారా పంపాలి. అదీ పోతే రెండో అప్పీలుకు మరో ఆరు నెలలుంటాయి. ఆపైన సాయుధ దళాల ట్రిబ్యునల్. మన రాష్ట్రం చెన్నై బెంచి పరిధిలో ఉంది. గడువు దాటినంత మాత్రాన ఇంటికి తిరిగిపోనక్కరలేదు: ఆలస్యానికి జబ్బే కారణమని ఆసుపత్రి కాగితాలతో చూపి మన్నించమని కోరవచ్చు. డిసేబిలిటీ పెన్షన్ నిరాకరణ నెలనెలా కొనసాగే నష్టమని 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, బకాయిలను మాత్రం కేసు వేయడానికి ముందటి మూడేళ్లకే పరిమితం చేసింది. ఆలస్యమైన ప్రతి ఏడాదీ చేజారే డబ్బే. వకీలు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, ఫోను నంబరు 15100.

కాగితాల కోసం ఆ మనిషి చేత పాత సంగతులన్నీ ఒకే కూర్చోవడంలో చెప్పించవద్దు. ఆయన చెప్పలేని రోజున ఆపి, తేదీలు కాగితాల్లో వెతకండి. రాత్రివేళ పరిస్థితి చెయ్యి దాటేలా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మైదుకూరు ఆవిడ పెట్టెలో అడుగున, పాత రేషన్ కార్డు మడతలో, ఫీల్డు ఆసుపత్రి డిశ్చార్జి స్లిప్పు ఒకటి దొరికింది. శాంతి ప్రాంతానికి మారడానికి పదకొండు వారాల ముందు తేదీ దాని మీదుంది. దాన్ని జెరాక్స్ తీయించి, అసలు ఇంట్లోనే ఉంచి, రెండో అప్పీలుకు మొదటి జతపత్రంగా పెట్టి స్పీడ్ పోస్టులో పంపాము. రసీదు ఇప్పుడు ఆ పెట్టెలో పైనే ఉంది.